నిసార్ అహ్మద్ కాటా

విజయవాడ వన్‌టౌన్‌లో తూకం యంత్రాలు బాగుచేసే నిసార్ అహ్మద్‌ను పేరుపెట్టి పిలిచేవాళ్లు తక్కువ. బడ్డీకొట్టు నుంచి బియ్యం మిల్లు దాకా అందరికీ ఆయన కాటా సాయిబు. తండ్రి కాలంలో త్రాసులు, ఈయన కాలంలో అంకెలు వెలిగే ఎలక్ట్రానిక్ కాటాలు, అంతే తేడా. ‘కాటా సాయిబు చూశాడా?’ అని ఎవరైనా అంటే, ఇక ఆ తూకం మీద పేచీ లేనట్టే. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఏమీ ఎరగనట్టు మొహం పెట్టేవాడు గానీ లోపల పొంగిపోయేవాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషికి ఆపాటి గర్వం ఉంటే తప్పేమిటని భార్య నజీమా కూడా ఊరుకునేది. ఆ గర్వమే ఒకనాడు ఒక పిల్ల ప్రాణం మీదికి తెచ్చింది.

రాష్ట్ర స్థాయి బాలల క్రీడోత్సవం విజయవాడలో జరిగినప్పుడల్లా కబడ్డీ, జూడో, కుస్తీ పిల్లల్ని తూచే కాటా ఆయనదే. ఈ ఆటల్లో బరువుకో హద్దు ఉంటుంది. ఆ ఉత్సవంలో చిన్న ఆడపిల్లల కబడ్డీకి యాభై ఐదు కిలోలు. దానిమీద వంద గ్రాములు ఎక్కువున్నా బరిలోకి రానివ్వరు. అందుకని రెండు రోజుల ముందునుంచే పిల్లలు అన్నం మానేస్తారు, నీళ్లు మానేస్తారు, ఎండలో రెయిన్‌కోటు తొడుక్కుని పరుగెత్తుతారు, చింతపండు చప్పరించి నోట్లో ఊరినదంతా ఉమ్మేస్తారు. తూకం కాగానే గటగటా నీళ్లు తాగి ఆటకు దిగుతారు. ఈ సంగతి తెలియనివాళ్లు మైదానంలో ఒక్కరూ ఉండరు. నోరు విప్పేవాళ్లు కూడా ఉండరు.

నిసార్‌కైతే మరీ బాగా తెలుసు. ఆయన తమ్ముడు అఫ్రాజ్ వించిపేటలో కుస్తీ నేర్పే తాలింఖానాలో పెరిగిన వస్తాదు. ముప్పై రెండేళ్ల కిందట ఇలాంటి పోటీకే నాలుగు కిలోలు ఎండగట్టాడు. దుప్పట్లు కప్పుకుని బొగ్గుల కుంపటి పక్కన కూర్చునేవాడు. ఆ కుంపటి రాజేసింది నిసారే. తూకంలో నెగ్గాడని తమ్ముణ్ని భుజాలకెత్తుకుని గంతులేసిందీ నిసారే. అప్పటికే ఆ ఒంటిమీద చెమట చుక్క లేదు, ముట్టుకుంటే పెనంలా కాలింది. అఫ్రాజ్ బరిలోనే కూలిపోయాడు. వారం తిరగకుండా కిడ్నీలు చెడి కన్నుమూశాడు. అప్పటినుంచి నిసార్ కాటా ఎక్కిన ప్రతి పిల్ల నుదురు చూస్తాడు. చెమట కనబడితే స్థిమితపడతాడు.

మొన్న ఏప్రిల్లో పోటీలు గన్నవరం దారిలో ఒక కాలేజీ మైదానంలో పెట్టారు. కాటాను ఒళ్లో పెట్టుకుని ఆటోలో బెంజ్ సర్కిల్ దాటేటప్పటికి ఆరన్నా కాలేదు, అప్పుడే గాలి వేడెక్కింది. ఈ రోజు మంచిగా గడవదని ఎందుకో ఆయన మనసుకు తోచింది. మైదానం చేరి, ఎప్పటిలాగే ఇరవై కిలోల తూకం రాయి రెండుసార్లు పెట్టి చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

పక్కనే ప్రథమ చికిత్స టెంటు. అందులో నర్సు మార్త ఐసు పెట్టె సర్దుకుంటోంది. ముందురోజే ఆమె పుస్తకంలో రెండు పేజీలు నిండాయి. లాంగ్‌జంప్‌లో చీలమండ బెణికినవాళ్లు, జూడోలో భుజం జారిన పిల్ల, ఒక జిల్లా బసలో విరేచనాలు పట్టుకున్న తొమ్మిది మంది.

“ఎండదెబ్బ ఒక్కటీ రాయలేదేంటమ్మా?” అన్నాడు నిసార్.

“ఎందుకుంటుందండీ! కళ్లు తిరుగుతున్నాయని నా దగ్గరికొస్తే పేరు రాయాలి. పేరు రాస్తే ఆటలోంచి తీసేస్తారు. పడిపోయిందాకా ఎవరూ రారు సాయిబుగారూ.”

ఏడింటికి సింధూరి కాటా ఎక్కింది. చల్లపల్లి పక్క పల్లెటూరి పిల్ల, తొమ్మిదో తరగతి. కూతకెళితే వట్టి చేతులతో తిరిగిరాదని పేరు. కాటా మీద అంకెలు వెలిగాయి. యాభై ఐదు ఏడొందలు.

“ఏం పర్లేదమ్మా, తొమ్మిదింటిదాకా టైముంది” అని కోచ్ డేనియల్ మాస్టారు నీలం రెయిన్‌కోటు అందించాడు. డేనియల్ చెడ్డవాడేమీ కాదు. తన స్కూటర్ మీదే పిల్లల్ని ప్రాక్టీసుకు తిప్పుకున్న మనిషి. ఈ పోటీలో ఆడితే సింధూరికి స్పోర్ట్స్ స్కూల్లో సీటు ఖాయమని ఆయన ఆశ. ఆ పిల్ల ఆశా అదే.

ఎనిమిదింబావుకి మళ్లీ వచ్చింది. చెవి దుద్దులు, కాళ్ల పట్టీలు తీసి మాస్టారి జేబులో వేసి ఎక్కింది. యాభై ఐదు మూడొందలు. పెదాలు తెల్లగా పగిలాయి. నుదుటిమీద చెమట ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు.

“మాస్టారూ, పిల్లకి నీళ్లు పట్టించండి. నా మాటినండి” అన్నాడు నిసార్.

“మీరు కాటా చూసుకోండి సాయిబుగారూ, పిల్ల సంగతి నేను చూసుకుంటా” అన్నాడు డేనియల్. ఆయన గొంతులో కోపం లేదు, తొందర ఉంది. సింధూరి అప్పటికే రెయిన్‌కోటు తొడుక్కుని మైదానం అంచువెంట పరుగందుకుంది.

తొమ్మిదికి మూడు నిమిషాలుందనగా మూడోసారి వచ్చింది. అంతసేపు ఆ కోటులో పరుగెత్తిన పిల్ల నుదురు ఎండుగా ఉంది. నిసార్ చెయ్యి పట్టుకుని కాటా ఎక్కించబోయి ఉలిక్కిపడ్డాడు. అదే వేడి. ముప్పై రెండేళ్ల కిందటి వేడి.

“ఎంతుంది తాతా?” అంది సింధూరి, ఆయన లేనివైపు చూస్తూ.

యాభై నాలుగు తొమ్మిదొందలు. నెగ్గింది. ఇంకాసేపట్లో ఎండలో ఆటకు దిగుతుంది.

అంకె ముందు నిసార్ చదివితే, బల్ల దగ్గర కూర్చున్న వ్యాయామ టీచరు ఆదెమ్మ తలెత్తి చూసి రాసుకుంటుంది. ఆమె తల ఇంకా పుస్తకంలోనే ఉంది, డేనియల్ పిల్ల విప్పిన రెయిన్‌కోటు దులుపుతున్నాడు. ఇక్కడ మనిషి మాట ఎవరూ వినరు, అంకె మాటైతే వింటారు అనుకున్నాడు నిసార్. ఇప్పుడు తూకం తప్పితే పిల్ల నీడన కూర్చుని నీళ్లు తాగుతుంది. సీటు పోతే పోయింది, బతుకుతుంది. నలభై ఏళ్లలో ఎన్నడూ చేయని పని చేశాడు. చెప్పు విడిచి, కుడికాలి బొటనవేలు కాటా పలక వెనకంచు మీద ఆనించాడు.

“యాభై ఐదు రెండొందలు” అన్నాడు.

ఆదెమ్మ తలెత్తి చూసి రాసుకుంది. సింధూరి ఏడవలేదు. ఏడవాలన్నా ఒంట్లో తడి ఉండాలి కదా.

“రెండొందలేగా!” ఆదెమ్మ శుభవార్త చెప్పినట్టు అంది. “శ్రీకాకుళం బస్సు లేటైందని తూకం తొమ్మిదిన్నరదాకా పెంచారు మాస్టారూ. ఇంకోసారి తూపించండి.”

తానొకటి తలిస్తే దైవమొకటి తలిచింది. డేనియల్ రెయిన్‌కోటు పిల్ల భుజాల మీద వేశాడు. “ఒక్క పావుగంట తల్లీ, ఒక్క పావుగంట” అన్నాడు. సింధూరి తలూపి కదిలింది.

నిజం చెబితే పిల్ల ఆటకు దిగుతుంది, చెప్పకపోతే పరుగుకు పోతుంది, ముందు నుయ్యి వెనక గొయ్యి అయిందని నిసార్ తరవాత నజీమా దగ్గర చెప్పుకున్నాడు. ఉన్నమాట చెప్పాలంటే అది సగమే. మార్త టెంటు ఇరవై అడుగుల దూరం. పిల్ల చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కుపోతే ఆపేవాళ్లెవరు? కానీ ఎందుకని అడుగుతారు, అడిగితే బొటనవేలి సంగతి బయటపడుతుంది. కాటా సాయిబు దొంగ తూకం వేశాడంటారు. ఆ ఒక్క మాటకు జడిసి నాలుగు నిమిషాలు బొమ్మలా నిలబడిపోయాడు పెద్దమనిషి.

ఐదో నిమిషంలో ఇక ఉండబట్టలేక, “ఆపండి! ఆ పిల్లనాపండి!” అని అరుస్తూ వట్టికాళ్లతో మైదానంలోకి పరుగెత్తాడు. అవతలి గట్టున నీలం కోటు గీత తప్పి వంకరగా పోతోంది. గోడవైపు నాలుగడుగులు వేసింది. పడింది.

డేనియల్ ఆమెను రెండు చేతులా ఎత్తుకుని పరుగున వస్తుంటే జేబులో పట్టీలు గలగలమన్నాయి. మార్త కత్తెరతో కోటు చీల్చి చంకల్లో, మెడకింద ఐసు పెట్టింది. జ్వరం నూట ఆరు దాటింది. పిల్ల కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ పిలిస్తే పలకలేదు. అంబులెన్సు వెనక్కి తిరిగి టెంటును ఆనుకుని ఆగింది.

మార్త చెవిదగ్గర ఫోను పట్టుకుని, “డాక్టరుగారు అడుగుతున్నారు, బరువెంత? బరువును బట్టే మందు, ఎవరైనా చెప్పండి!” అంది.

“యాభై ఐదు రెండొందలు” అన్నాడు డేనియల్.

ఆ మూడొందల గ్రాములకు మందేమీ మారదు. నిసార్‌కు ఆ సంగతి తెలియదు. తప్పుడు అంకె మీద ఈ పిల్లకు మందెక్కకూడదన్న ఒక్క ముక్కే ఆయన బుర్రలో తిరిగింది.

“కాదు” అన్నాడు. “యాభై నాలుగు తొమ్మిదొందలు.”

“అదేంటి సాయిబుగారూ, కాటాలో నేనే చూసి రాశాగా!” అంది ఆదెమ్మ.

“ఆ పైది నా కాలి బొటనవేలిదమ్మా.”

దూరంగా మైకులో కబడ్డీ జట్లను పిలుస్తున్నారు. డేనియల్ జేబులోంచి పట్టీలు తీసి, ఏం చేయాలో తెలియనట్టు అరచేతిలో పెట్టుకుని చూశాడు.

“అంటే, అప్పుడే సరిపోయిందా?” అన్నాడు.

నిసార్ తల దించుకున్నాడు. మార్త మాత్రం స్ట్రెచర్ వెంట అంబులెన్సు ఎక్కుతూ ఫోనులో చెప్పింది.

“యాభై ఐదు లోపేనండీ.”