రికార్డుగారు గాలిపైపు మార్చిన వైనం

రికార్డుగారికి రాని పని లేదు. ఎప్పుడూ చెయ్యలేదంతే. ఇరవై ఆరేళ్లుగా ఓ ఆఫీసులో రికార్డు గదిని ఏలుతున్నారు కాబట్టి ఆ పేరు వచ్చింది. అక్కడ గుండుసూది కదిలినా ఆయన రిజిస్టరులోకి ఎక్కాల్సిందే. ఇంట్లో కారు తాళం కూడా ఆయన జేబులోనే కాపురం ఉంటుంది. భార్యకి ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం. ఎక్కడికి కదలాలన్నా ఈయనగారికి ఎప్పుడు కుదురుతుందా అని పడిగాపులు పడాలి. విసుగెత్తి యాభయ్యో ఏట డ్రైవింగ్ నేర్చుకుంది. లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోది సోమవారం పొద్దున తొమ్మిదింటికి, ఆ కారులోనే.

సరిగ్గా ఆదివారంనాడు రికార్డుగారికి కారు మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఫిల్టరు డబ్బా నుంచి ఇంజనుకి గాలి తీసుకెళ్లే రబ్బరు పైపు బీటలు వారిందని మెకానిక్ వారం కిందటే చెప్పాడు. బండి నడుస్తుంది, తొందరేం లేదు, నేను మారుస్తాను అని కూడా అన్నాడు పాపం. ఆ 'నేను మారుస్తాను' అన్న ముక్కకే ఈయనకి పౌరుషం వచ్చింది. కొత్త పైపు, కొత్త ఫిల్టరు తెచ్చి బానెట్ ఎత్తారు.

"ఏమండీ, రేపు నా పరీక్ష అయ్యాక చేసుకోకూడదూ?" అంది భార్య.

"నాలుగు స్క్రూలు, రెండు క్లిప్పులు. దీనికి ముహూర్తం కూడానా?"

ఆ పని చూసి తీరాల్సిందే. తీసిన ప్రతిదానికీ చీటీ కట్టి, నంబరు వేసి ఓ నోటు పుస్తకంలో ఎక్కించారు. 'ఒకటి: మూత స్క్రూ, ఎడమ వైపు.' పైపు ఊడదీశాక ఇంజను వైపు రంధ్రం నోరు తెరుచుకుని కనిపించింది. దుమ్ము పడుతుందేమోనని అందులో పాత తువ్వాలు ముక్క కుక్కారు. ఎంత ముందుచూపో! మధ్యాహ్నానికల్లా కొత్తవి బిగించి, తొమ్మిది నంబర్లకీ టిక్కు పెట్టి, కింద సంతకం చేశారు. తాళం తిప్పారు. బండి ఓసారి దగ్గి ఊరుకుంది.

ఫిల్టరు డబ్బా మూత నాలుగుసార్లు విప్పి బిగించారు. బ్యాటరీని తిట్టారు. పెట్రోలు బంకువాణ్ణి అనుమానించారు. పుస్తకం మళ్లీ చదివితే ఒక్క తప్పూ లేదు. పుస్తకం సరిగ్గా ఉంది కనక తప్పు కారుదేనని తేల్చారు. మెకానిక్‌కి ఫోన్ చెయ్యమని భార్య అంటే, ఆదివారం వాడు ఎత్తడని చెప్పి తప్పించుకున్నారు.

సోమవారం ఏడున్నరకి భార్య కాగితాలు సంచిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"పరీక్ష ఎక్కడికి పోతుంది? వచ్చే నెలకి మార్పించుకో" అన్నారు రికార్డుగారు, ఫైలు పక్కన పెట్టినంత తేలిగ్గా.

ఆవిడ సంచి గుమ్మంలోనే దించింది. "రెండుసార్లూ నేనే తప్పాను. ఏడ్చి ఊరుకున్నాను. ఇవాళ తప్పే అవకాశం కూడా లేకుండా చేశారు."

ఇంత సర్వీసులోనూ ఆయన్ని అంతలా తాకిన ఫిర్యాదు అదొక్కటే. నిజంగానే సిగ్గేసింది. ఏం చెయ్యాలో తోచక పుస్తకం ఆవిడ చేతిలో పెట్టారు. ల్యాబు మనిషి కదా, ఆవిడ పైనుంచి కింది దాకా ఓపిగ్గా చదివింది.

"కారులోంచి తీసినవన్నీ రాశారు. పని మధ్యలో మీరు లోపల పెట్టిందేమైనా ఉందా?"

రికార్డుగారికి అప్పుడు వెలిగింది. తువ్వాలు కారులోంచి తీసింది కాదు. అందుకని రూలు ప్రకారం దానికి నంబరు పడలేదు! పరుగున వెళ్లి క్లిప్పు వదులు చేసి పైపు లాగితే, ముక్క దర్జాగా అక్కడే ఉంది. దాన్ని పీకి, పైపు బిగించి తాళం తిప్పగానే బండి బుద్ధిగా రొద చేసింది.

తొమ్మిదికల్లా ఇద్దరూ పరీక్ష మైదానానికి చేరారు. అక్కడ ఆవిడ నడుపుతుంటే కారు చక్రం ఒక్క గీత కూడా తొక్కలేదు. అధికారి కాగితం మీద 'పాస్' అని రాసి ఇచ్చాడు.

"చూశావా కొత్త పైపు మహిమ! బండి ఎంత సాఫీగా నడిచిందో!" అంటూ రికార్డుగారు అలవాటు చొప్పున స్టీరింగు వైపు తలుపు దగ్గరికి నడిచారు.

ఆవిడ ఆయన్ని దాటుకుని వెళ్లి ఆ సీట్లో కూర్చుంది. "అటు నుంచి ఎక్కండి, ఆఫీసు దగ్గర దింపుతాను. సాయంత్రం మాత్రం మీరు బస్సు చూసుకోండి. కారుతో నాకు పనుంది."

ఆయన అటు తిరిగి వెళ్లి ఎక్కారు.