బట్టల గదికి కొలతలు తీసిన రోజు

మలక్‌పేటలో మేము అద్దెకున్న ఇంట్లో గోడలకు ఏడాది పొడుగునా చెమ్మే. నేను, మా ఆయన, మా అత్తమ్మ పదిహేడేళ్లు ఆ ఇంట్లో ఉన్నాం. ముగ్గురి బట్టలకూ కలిపి ఒకటే చెక్క బీరువా. ఒక వానాకాలం దాని వెనక పలక ఉబ్బి, నా పెళ్లి పట్టుచీర మడతలకు బూజు పట్టింది. ఎంత ఎండలో ఆరేసినా మరకలు పోలేదు. నేను ఏడవలేదు గానీ రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

అది మా ఆయన మనసులో ఉండిపోయినట్టుంది. జల్‌పల్లిలో చిన్న ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నప్పుడు, పడకగది పక్కన మంచం కూడా పట్టనంత గది ఒకటి మిగిలింది. సామాన్ల గది చేసుకోమన్నాడు మేస్త్రీ. మా ఆయన ఒప్పుకోలేదు.

“అది ఈమె బట్టల రూమ్. లోపటికి నడిచిపోయి తీస్కునేటట్టు చేపిస్త,” అన్నాడు.

అత్తమ్మ నవ్వింది. “మనుషులకే రూములు సాల్తలేవు, బట్టలకో రూమా?”

ఆయన సిటీ బస్సు డ్రైవరు. నాలుగు ఖాకీ జతలు, పెళ్లిళ్లకు రెండు తెల్ల చొక్కాలు తప్ప ఆయనకు వేరే బట్టలు లేవు. కరెంటాఫీసులో పనిచేసే నాకు మాత్రం చీరలు కాస్త ఎక్కువే.

వడ్రంగి బహదూర్‌పురా నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు. అరవై దాటిన మనిషి, మేము చాచా అని పిలిచేవాళ్లం. చాచాతో కలిసి చెక్కల దుకాణానికి వెళ్తే అక్కడ మా ఆయన కన్ను పంచదారలా మెరిసే తెల్ల బోర్డు మీద పడింది. చాచా మాత్రం మూడు రకాల ముక్కలు అడిగి తీసుకుని నా చేతిలో పెట్టాడు.

“ఇంటికి తీస్కపోయి ఉడకబెట్టున్రి అమ్మా. నాలుగు గంటలు. ఏది మంచిదో అదే చెప్తది.”

ఆదివారం పొద్దున్నే పాత గిన్నెలో నీళ్లు పోసి మూడు ముక్కలూ పొయ్యి మీద పెట్టాను. అత్తమ్మ వచ్చి మూత తీసి చూసింది. “ఉప్పేసినవా బిడ్డా?” అని అడిగి వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి తెల్ల ముక్క చాయ్‌లో ముంచిన రస్కులా ఉబ్బి చేతిలోనే విరిగిపోయింది. రెండోది పొరలు పొరలుగా విచ్చుకుంది. మూడోది, చూడ్డానికి అన్నిటికంటే సాదాగా ఉన్న ప్లైవుడ్, వేసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. మా ఆయన దాన్ని గోడకేసి కొట్టి కూడా చూశాడు. “ఇగ ఇదే,” అన్నాడు.

మర్నాటి సాయంత్రం చాచా కొలతలకు వచ్చాడు. ముందు గోడలు కొలుస్తాడనుకున్నాను. అలా కాకుండా నన్ను పిలిచాడు.

“గోడకు ఆనుకొని నిలబడమ్మా. చెయ్యి పైకెత్తు. మడమలు లేపొద్దు.”

ఎత్తాను. నా వేళ్ల కొసల దగ్గర పెన్సిల్‌తో గీత గీశాడు. నేను పొట్టిదాన్ని. ఇన్నేళ్లూ ఏ అల్మారాలో ఏది కావాలన్నా స్టూలు వెతుక్కున్నదాన్నే. నా చెయ్యి ఎంతవరకు అందుతుందని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. తర్వాత అత్తమ్మ ఎంత వంగగలదో చూసి ఆమె సొరుగుకు గుర్తు పెట్టాడు. చివరికి మా ఆయన వంతు. ఆయన ఎడమ చెయ్యి ఎత్తాడు.

“కుడి చెయ్యి, భాయ్.”

“రెండూ ఒకటే కద చాచా.”

“కాదు. ఎత్తు.”

కుడి చెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది. ఆయన ముఖం బిగుసుకుంది. చాచా అక్కడే గీత గీశాడు.

“ఎన్ని రోజుల సంది?” అని అడిగాను.

“ఏం లేదు. స్టీరింగ్ తిప్పి తిప్పి పట్టేసింది.”

“ఎన్ని రోజుల సంది అని అడుగుతున్న.”

“దీపావళి ముందటి సంది.”

అప్పటికి హోలీ కూడా అయిపోయింది. ఆయన తలుపేసుకుని చొక్కా తొడుక్కోవడం, ఎడమ చేత్తో తల దువ్వుకోవడం అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అటక మీది సూట్‌కేసు దించమంటే దించలేదని బద్ధకస్తుడివన్నాను కూడా. ఆ మాట ఇప్పుడు నాకే తగిలింది.

“నాకెందుకు చెప్పలే?”

“ఇంటి పని నడుస్తుంది. నీకు ఇంకో ఫికర్ ఎందుకని.” భుజం రుద్దుకుంటూ మెల్లగా అన్నాడు. “డిపోల తెలిస్తే బండి మీదికెల్లి దించుతరేమో అని గూడ.”

చాచా టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. “నాక్కూడా అయింది భాయ్. ఆరు నెలలు రంద పట్టలే, చెక్క చెక్కలే. డాక్టర్ చెప్పినట్టు చేసిన, తగ్గింది. గిండ్ల షరమ్ ఏంది, సిగ్గేంది?”

భుజం కీలు బిగుసుకుపోయిందన్నారు డాక్టరు. షుగర్ ఉన్నట్టు కూడా అప్పుడే బయటపడింది. సెలవు పెట్టి వ్యాయామాలు చేయమన్నారు. గోడ మీద వేళ్లను మెల్లగా పైకి పాకించడం వాటిలో ఒకటి. చాచా చెక్కలు కోస్తుంటే, మా ఆయన ఆ చిన్న గది గోడ మీదే రోజూ వేళ్లు పాకించేవాడు. ఎక్కడిదాకా వెళ్లాడో చాచా గీత పెట్టేవాడు. గీతలు ఒకదాని మీద ఒకటి, కొన్ని రోజులు కదలకుండా, కొన్ని రోజులు వేలెడంత పైకి. వాటి మీదే ప్లైవుడ్ బిగించారు.

మూడు నెలలకు ఆయన మళ్లీ డ్యూటీకి వెళ్లాడు. చెయ్యి ఇప్పుడు చెవి దాటి వెళ్తుంది, పూర్తిగా నిలువుగా లేవదు. మొదటి గీత దగ్గర బిగించిన చొక్కాల కడ్డీ పైకి జరపనా అని చాచా అడిగితే, అక్కడే ఉండనీ అన్నాడు. రెండు వానాకాలాలు గడిచాయి. తలుపులు ఉబ్బలేదు, వాటిని పట్టి ఉంచే కబ్జాలు వదులు కాలేదు.

ఒక పొద్దున చీర తీసుకోబోతే అరల అంచున చీమల బారు కనిపించింది. దాని వెంబడి పోతే అత్తమ్మ సొరుగు దగ్గర తేలాను. చీరల కింద డబ్బా, అందులో మా ఆయనకు ఇష్టమైన నువ్వుల ముద్దలు.

“షుగర్ ఉన్న మనిషికి పెడుతున్నవా అత్తమ్మా?” అన్నాను.

“చెయ్యి లేపినప్పుడల్లా మస్తు నొస్తుందంటడు,” అంది ఆమె చూపు తిప్పుకుని. “పాపం, రోజుకొక్కటే ఇచ్చిన బిడ్డా.”

వెనక గుమ్మంలో నిలబడ్డ మా ఆయన చప్పుడు చేయకుండా వెనక్కి జారుకున్నాడు. డాక్టరుకు చెప్తానని ఇద్దరినీ బెదిరించాను. చీమలు పూర్తిగా పోవడానికి వారం పట్టింది.