లేని కాలికి చెప్పిన మాట

నా చిన్నప్పుడు మా ఇంటి నట్టింట్లో ఒక గుంట ఉండేది. మగ్గం గుంట. అందులో కాళ్లు వేసుకుని మా నాయన కూర్చుంటే నడుము నుంచి పైకే కనిపించేవాడు. తిరుత్తణి అప్పటికింకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. దానికి దగ్గరలోని మా ఊళ్లో, మా వీధి నిండా నేతవాళ్లమే.

ఒకరోజు నాయన తిరువళ్లూరులో చీరలు అప్పజెప్పి తిరిగొస్తూ, వానకు తడిసిన ప్లాట్‌ఫారం మీద జారి కదులుతున్న రైలు కిందికి పోయాడు. పట్నం ఆస్పత్రిలో కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. ఆ కబురు విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. అమ్మకూ రాలేదు. ఎవరో మా ఇద్దరినీ గంజిలో ముంచి ఎండేసినట్టు బిగుసుకుపోయాం. వండుకున్నాం, తిన్నాం, ఏం తిన్నామో తెలియదు. మగ్గం మీద సగంలో ఆగిన చీరకు దుమ్ము పట్టకుండా అమ్మ పాత పంచె కప్పింది.

నాయన ఇంటికి వచ్చే ముందు మా మామ, అంటే అమ్మ తమ్ముడు, బండెడు మట్టి తెచ్చి వాకిట్లో పోయించాడు. మంచివాడే పాపం. గుంట పూడ్చేస్తే బావ నడవడానికి నేల సమంగా ఉంటుందనీ, ఇక కండెలు చుట్టుకుంటూ కాలం గడపవచ్చనీ ఆయన ఆలోచన. నాడెలో పెట్టే నూలును రాట్నం మీద కండెలుగా చుట్టడం మా ఇళ్లలో ఆడవాళ్లూ పిల్లలూ చేసే పని. అమ్మ మాత్రం, మీ బావ వచ్చి చూసుకోనీ అంది.

నాయన చంకకర్రతో వచ్చాడు. వాకిట్లో మట్టికుప్పను చూశాడు. ఎందుకని అడగలేదు, నేతగాడికి అది వేరే చెప్పాలా. నేరుగా పోయి గుంట అంచున కూర్చుని, చేతుల మీద బరువు మోపి లోపలికి దిగాడు. వీధి వీధంతా గుమ్మంలో చేరింది. మా తెలుగువాళ్లూ, ఎదురింటి తమిళం వాళ్లూ అందరి నోటా ఒక్కటే మాట, పాపమని మేం, పావమని వాళ్లు.

మగ్గం కింద రెండు తొక్కుడు కర్రలుంటాయి. ఒక్కో కర్ర తొక్కినప్పుడు పడుగు దారాల్లో సగం పైకి లేచి సందు ఇస్తాయి. ఆ సందులోంచి పేక దారాన్ని మోసే నాడె దూసుకుపోవాలి. నాయన ఎడమకాలితో తొక్కి ఒక పేక వేశాడు. బాగానే వచ్చింది. రెండోసారి పాత అలవాటు జోరులో కుడికాలితో తొక్కాడు. లేని కాలితో. కర్ర కదల్లేదు, సందు తెరుచుకోలేదు. విసిరిన నాడె మూసుకున్న దారాల్లోకి పోయి గుప్పెడు దారాలు తెంపేసింది.

మామ మొహం పక్కకు తిప్పుకున్నాడు. "ఇంక చాలు బావా, పైకి రా" అన్నాడు.

నాయన నన్ను పిలిచి బూడిద తెమ్మన్నాడు. వేళ్లకు బూడిద అద్దుకుని, తెగిన దారాలను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతికాడు. చూసే జనానికి విసుగొచ్చి ఎవరిళ్లకు వాళ్లు పోయారు. నేను గుంట పక్కనే కూర్చున్నాను. నాకు భయమూ లేదు, జాలీ లేదు, ఏమీ లేదు. అతుకులు పూర్తయ్యాక ఆయన లేని కాలి వైపు చూసి, చంటిపిల్లకు చెప్పినట్టు మెల్లగా ఏదో అన్నాడు. ఎవరితో మాట్లాడుతున్నావు నాయనా అని అడిగాను.

"కాలితో మే పాపా. అది ఇంకా ఉండాననే అనుకుంటాండాది. నువ్వు లేవు, ఊరికే ఉండు అని చెప్పినా. కోపం చేసుకుంటే వినదు. చెప్తా ఉండాల."

తర్వాత ఎడమకాలినే ఈ కర్ర మీంచి ఆ కర్ర మీదికి మార్చుకుంటూ తొక్కాడు. ప్రతి పేకకూ పెదవులు కదిలేవి. మళ్లీ తెంపాడు, మళ్లీ అతికాడు. సాయంత్రానికి బెత్తెడు గుడ్డ కూడా రాలేదు. మరునాడు పొద్దున్నే మామ వచ్చి, ఆ మట్టిని పెరట్లోకి మోసుకుపోయాడు. అమ్మ దాంట్లో సొరపాదు పెట్టింది.

ముసలితనం దాకా నాయన ఆ గుంటలోనే నేశాడు, రోజూ పొద్దువాలితే మరునాటికి కండెలు నేనే చుట్టిచ్చేదాన్ని. అంత గట్టి మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆ మాట ఆయనతో ఒక్కసారి కూడా అనలేదు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. పోయిన కొత్తలో, పొద్దు వాలేసరికి నాయనకు కండెలు చుట్టాలని నా చెయ్యి రాట్నం వైపు పోయేది. మనసు మాత్రం మొద్దుబారి ఒక్క చుక్క కన్నీరు రాల్చేది కాదు. అప్పుడు ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, కోప్పడకుండా చెప్పాను, ఆయన లేడు, ఊరికే ఉండు అని. ఇప్పుడు రాట్నమూ లేదు, అయినా పొద్దువాలితే చెప్తుంటాను. నాయన కాలు ఏడాదికో రెండేళ్లకో విన్నది. నా చెయ్యి ఇంకా వినలేదు.