అమ్మవారి దీపం, ఆయిలు సూది

నా చిన్నప్పుడు మా ఇంటి ప్రయాణాలను నిర్ణయించేది మా నాయన కాదు, మా పాత నల్ల కారు డాష్‌బోర్డు మీద ఉండే చిన్న సూది. ఇంజను మొదలుపెట్టగానే ఆ సూది లేచి గేజీ మధ్యలో నిలబడాలి. నిలబడితే ఇంజనులో ఆయిలు ఒత్తిడి సరిగ్గా ఉన్నట్టు. పడిపోతే ఆయిలు అందవలసిన చోటికి అందడం లేదనీ, అలాగే నడిపితే దారి మధ్యలో ఇంజను బిగుసుకుపోతుందనీ నాయన చెప్పేవాడు. ఇంట్లో ఎవరి మాటా ఒక పట్టాన వినని మనిషి, ఆ సూది మాట మాత్రం దాటేవాడు కాదు.

ఆ ఏడాది మా అక్క తొలికాన్పుకు పాకాలలోని పుట్టింటికి వచ్చింది. బిడ్డ అడ్డంగా ఉందనీ, నొప్పులు మొదలైన వెంటనే తీసుకురావాలనీ, ఆలస్యమైతే ఇద్దరికీ ప్రమాదమనీ వేలూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. మాది జంక్షను ఊరే అయినా రైలు దాని వేళకు అది వస్తుంది, నొప్పులు వాటి వేళకు అవి వస్తాయి. అందుకని అందరం ఆ కారునే నమ్ముకున్నాం. సరిగ్గా అప్పుడే సూది పడిపోవడం మొదలుపెట్టింది.

నాయనకు చిన్ననాటి స్నేహితుడైన సాయిబు ఒకాయన రైల్వే గేటు పక్కన మోటారు షెడ్డు నడిపేవాడు. ఆయన చిక్కటి ఆయిలు పోసి చూశాడు. సూది కదల్లేదు. పాత ఇంజను గదా, లోపల బేరింగులు అరిగిపోయి ఉంటాయి, ఇంజను దించి విప్పాల్సిందే అన్నాడు. విప్పితే సామాన్లు మద్రాసు నుంచి రావాలి, కారు వారాల తరబడి షెడ్డులో పడుకుంటుంది. విప్పకపోతే ఏ చెట్టూ నీడా లేని చోట అక్కతో సహా మేమందరం నిలిచిపోతాం. నాయన సరిగ్గా అన్నం తినడం మానేశాడు. నాకైతే ఆ సూదిని పీకి బావిలో పారేయాలన్నంత కోపం వచ్చేది.

చివరికి మా పెద్దనాయనకు కబురు వెళ్లింది. ఆయన ఆవిరి ఇంజన్లు నడిపి రిటైరైన రైలు డ్రైవరు. తొందర అన్నది ఆయన ఒంట్లోనే లేదు. వచ్చి, తీరిగ్గా కాఫీ తాగి, ఇంకో లోటా అడిగి తాగి, అప్పుడు పంచె ఎగ్గట్టాడు. ఆయిలు కొలిచే కడ్డీని బయటికి లాగి, తుడిచి, మళ్లీ దించి తీశాడు. మట్టం సరిగ్గానే ఉంది. ఒక చుక్కను వేళ్ల మధ్య రుద్ది, పెట్రోలు కలిసిందేమోనని వాసన చూశాడు. కారు కింద ఎక్కడైనా ఆయిలు కారుతోందేమోనని వంగి వెతికాడు. ఇంజను నడుస్తుంటే చెవి దగ్గరగా పెట్టి చాలాసేపు విన్నాడు. ఇవన్నీ అయ్యాక సాయిబును పిలిచాడు.

“నేను నడిపిన ఇంజన్లో నీళ్లమట్టం సూసేదానికి గాజుగొట్టాలు రెండుండేవప్పా. ఒకదాని మీద అనుమానమొస్తే రెండోదాన్ని అడిగేవాళ్లం. ఒక సూదిని నమ్మి ఇంజను విప్పేదెట్లా? నీకాడ ఇంకో గేజీ ఉండాదా?”

సాయిబు దగ్గర ఉంది. మా సూదిలా కరెంటుతో కాకుండా, సన్నని రాగిగొట్టంతో నేరుగా ఇంజనుకే బిగించే గేజీ అది. మా సూదీ, ఆ గేజీ రెండూ ఒకేసారి పనిచేసేలా జాయింటు పెట్టి బిగించి, ఇంజను బాగా వేడెక్కేదాకా దామలచెరువు దారిలో తిప్పుకొచ్చి, ఇంజను ఆపకుండానే మా వాకిట్లో నిలిపారు. కొత్త గేజీ నిబ్బరంగా ఒత్తిడి చూపిస్తోంది. మా సూది మాత్రం అడుగున పడి ఉంది.

నాయనకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. “ఇంజను బాగుండాది గదా, ఆ సూదిని పట్టించుకోకుండా పోదాంలే” అన్నాడు. ఎప్పుడూ గొంతు పెంచని పెద్దనాయన అప్పుడు కసిరాడు. “దోవలో నిజంగానే ఆయిలు పోతే నీకెవురు జెప్తారబ్బా? కడుపుతో ఉండే బిడ్డను ఎక్కించుకోని గుడ్డి బండి తోల్తావా? ఇది యెప్పుటి నుంచి పడతా ఉండాదో అది జెప్పు.”

నాయన ఆలోచించాడు. తిరుచానూరు పోయివచ్చినప్పటి నుంచి అని అవ్వ చెప్పింది. ఆ రోజు అమ్మవారి పటం, దాని ముందు వెలిగే ఎర్ర బల్బు కొని డాష్‌బోర్డు మీద పెట్టించాం. పటాలు అమ్మే కొట్టు పక్కనున్న ఒకతను వైరు లాగి బల్బు వెలిగించి ఇచ్చాడు. అక్క కాన్పు అయ్యేదాకా, కారు తీసిన ప్రతిసారీ ఆ దీపం వెలుగుతూనే ఉండాలని అవ్వ అక్కడే మొక్కుకుంది. నాయన బల్బు వేసి, దండం పెట్టి, ఆ తర్వాతే ఇంజను తాళం తిప్పేవాడు.

అందరి చూపూ ఆ ఎర్ర బల్బు మీదే ఉంది. షెడ్డులో అన్ని వైర్లూ తడిమి చూసిన సాయిబు, అది మీ అమ్మవారిది గదా, దాని జోలికి నేను పోలేదన్నాడు. నాయన తల దించుకున్నాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంజనంతా తడిమిన పెద్దనాయన కూడా స్విచ్చి దాకా చెయ్యి తీసుకెళ్లి వెనక్కి లాక్కున్నాడు. మొక్కు అక్క ప్రాణానికి సంబంధించింది. ఏదైనా జరగరానిది జరిగితే ఆ దీపం ఆర్పిన చెయ్యి ఎవరిదని జీవితాంతం గుర్తుంటుంది.

తిన్నె మీద కూర్చుని ఇదంతా చూస్తున్న అక్క నెమ్మదిగా లేచింది. ఒక చెయ్యి నడుముకు ఆనించుకుని కారు దగ్గరికి వచ్చింది. సీమంతానికి వేసిన గాజులు మోచేతిదాకా ఉన్న రెండో చేతిని కిటికీలోంచి లోపలికి పెట్టింది.

“అమ్మవారు నన్ను సల్లంగా సూడాలనే గదవ్వా ఈ దీపం. ఆర్పితే సూడదా యేంది?” అని స్విచ్చి నొక్కింది.

బల్బు ఆరింది. సూది లేచింది. మధ్యకు వచ్చి నిలబడింది.

పెద్దనాయన అంతటితో ఒప్పుకోలేదు. మళ్లీ వేయించాడు, సూది పడింది. ఆర్పించాడు, లేచింది. సాయిబు డాష్‌బోర్డు పలక విప్పి చూస్తే, బల్బు వైరును గేజీకి కరెంటు వచ్చే వైరుకే మెలిపెట్టి ఉంది. ఆ ముడి దగ్గర వైరు సగం తెగి వదులైపోయింది. బల్బు వెలిగితే గేజీకి కరెంటు చాలడం లేదు. సాయిబు ఆ ముడి సరిచేసి, దీపానికి బ్యాటరీ నుంచి వేరే వైరు లాగాడు. ఇప్పుడు దీపమూ వెలిగింది, సూదీ నిలబడింది. అవ్వ కళ్లు తుడుచుకుని ఇంకోసారి కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

తర్వాత కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం నొప్పులు వచ్చాయి. కారు ఎక్కడా ఆగకుండా వేలూరు చేరింది. ఆపరేషను చేసి ఆడపిల్లను తీశారు, తల్లీబిడ్డా క్షేమం. అంతా అమ్మవారి దీపం చలవేనని అవ్వ చెప్పుకునేది. రెండో గేజీని అడగడం వల్లేనని పెద్దనాయన, తను లాగిన వైరు వల్లేనని సాయిబు. అక్క మాత్రం ఏమీ చెప్పుకోలేదు, పాపకు పాలిస్తూ నవ్వేది.

ఇప్పుడు నా వయసుకు నాకూ గేజీలు వచ్చిపడ్డాయి. రక్తపోటు మిషను హడలెత్తించే అంకె చూపిస్తే పెద్దనాయన పద్ధతిలోనే కాసేపు కూర్చుని మళ్లీ చూస్తాను, ఇంకో మిషనులో చూపించుకుంటాను. అప్పటికీ దిగకపోతే, ఉప్పెక్కువని తెలిసినా ఇంట్లో ఎవరూ నోరెత్తని నా ఊరగాయ జాడీ వైపు చూడక తప్పదు.

అంతకంటే పెద్ద చిక్కులూ వచ్చాయి. ప్రతిసారీ అన్నీ వెతుకుతాం, అందరినీ అడుగుతాం. భక్తి వల్లో, భయం వల్లో, పెద్దల మీది గౌరవం వల్లో ఎవరూ చెయ్యి పెట్టని చోటు ఒకటి మిగిలిపోతుంది. అక్క పోయి రెండేళ్లయింది. అయినా అలాంటి చోటు ఎదురైనప్పుడల్లా ఆ గాజుల చెయ్యి కారు కిటికీలోంచి లోపలికి వెళ్లడం నాకు కనిపిస్తుంది. అప్పుడు నా చెయ్యి కూడా కదులుతుంది.