కంపచెట్టు పక్కన పలుగురాళ్ళు

యుద్ధం నాటి రోజులు. వినుకొండ దగ్గర మా పల్లెలో నా తొలిచూలు బిడ్డ జ్వరంతో పోయాడు. సమాధి చుట్టూ తెల్ల పలుగురాళ్ళు పేర్చడం మా వైపు ఆనవాయితీ. "వాన వెలిశాక కొండవాలున మెరుస్తుంటాయి, పోయి ఏరుకురా" అంది మా అత్త.

ఒక కంపచెట్టు పక్కన ఒక్కచోటే బోలెడు కనబడితే గంపకెత్తుకున్నాను. ఇంకా కావాలని కొండంతా తిరిగి దిగుతుంటే, ఒకామె ఏడుస్తూ కంపల్లో వెతుకుతోంది.

"ఏందమ్మా ఎతుకుతున్నావు?" అన్నాను.

"పోయినేడు కూలికొచ్చినప్పుడు నా బిడ్డను ఈడే పూడ్చా. దిబ్బ వానకు కరిగింది. గుర్తుకు పెట్టిన పలుగురాళ్ళు కూడా కనపడట్లా."

గంప దించి, ఒక కంపచెట్టు పక్కన ఏరుకున్నానని చెప్పాను. పొద్దుగూకేదాకా ఇద్దరం ఆ చోటు కోసం తిరిగాం. కొండంతా కంపచెట్లే. ఏ చెట్టు పక్కన ఏరానో నాకు గుర్తు రాలేదు.

రాళ్ళన్నీ ఆమె ఒళ్ళో పోసి వచ్చేశాను. నా బిడ్డ సమాధికి ఈనాటికీ ఒక్క రాయీ పెట్టలేదు.