శనివారం నూలుదండలు

పిల్లలకు రెండు మంచి మాటలు చెప్పండి అంటూ ఎవరైనా నన్ను బడికి పిలిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పిలిచినవాళ్ళ తప్పేమీ లేదు. నేను తొమ్మిదో తరగతి చదివిన ఏడాది, ప్రతి శనివారం ఆఖరి రెండు పీరియడ్లూ మంచి మాటలే విన్నాను. అప్పుడు విన్నవి ఈ జన్మకు చాలు.

మాది పొందూరుకు నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఊరు. అరవైల చివర్లో మా హైస్కూలుకు కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. వచ్చారు అని రాయాలి, తెలుసు. చెయ్యి రావడం లేదు. పిల్లలు పైకి రావాలంటే పైకి వచ్చినవాళ్ళను కళ్ళతో చూడాలని ఆయన సిద్ధాంతం. అందుకని వారానికొక పెద్దమనిషిని పట్టుకొచ్చేవాడు. ఒక వారం డాక్టరు, ఒక వారం మిలిటరీలో సుబేదారుగా చేసి వచ్చినాయన, ఒక వారం కొత్త వరి విత్తనాల ఆఫీసరు. డాక్టరు తాను చదువుకున్న ఊళ్ళో చలి ఎంత ఉండేదో గంటసేపు చెప్పాడు. చేలో పాము కరిస్తే ఏం చెయ్యాలో ఒక్క ముక్క చెప్పలేదు. విత్తనాల ఆఫీసరు మడిలో కాలు పెట్టినవాడు కాదని ఆయన బూట్లే చెప్పాయి. అందరూ వీధిదీపం కింద చదువుకున్నవాళ్ళే. మా ఊళ్ళో వీధిదీపం లేదు. అంటే మాకు పైకొచ్చే యోగం లేదన్నమాట.

వచ్చినాయన మెడలో పూలదండ వేసేవారు కాదు. వడికి చుట్టగా కట్టిన నూలు చిలపను దండగా వేసేవారు. స్వరాజ్యం నాటి అలవాటు అది. ఆ చిలప ఎక్కడి నుంచి వచ్చేదంటే, మా ఇంటి నుంచి. శుక్రవారం సాయంత్రం హెడ్మాస్టరు నన్ను గదిలోకి పిలిచి, "మీ అమ్మ చేతి నూలు ఒక చిలప పట్రా, సన్నది చూసి తే" అనేవాడు. అడగడం కాదు, చెప్పడం.

మా అమ్మ నూలు వడికేది. ఆ పని తెలియనివాళ్ళకు చిలప అంటే ఇంత దారం. మా అమ్మకు అది కొన్ని రోజులు. పత్తిని గింజ తియ్యకుండానే ముందు వాలుగ చేప దవడతో దువ్వేది. ఆ దవడకు ఉన్న పళ్ళు ఎంత సన్నవంటే, గింజకు అంటుకున్న పత్తి పోగుపోగుగా విడిపోయేది, నలుసంతా రాలిపోయేది. తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, చేతి చెమట తగలకుండా ఎండిన అరటి డొప్పలో పెట్టేది. అప్పుడు రాట్నం ముందు కూర్చునేది. సాయంత్రానికి ఆమె కనుబొమల మీద, జుట్టులో, చెవుల వెనక అంతా పత్తే.

మా వైపు వడికే ఆడవాళ్ళు ఎవరి చిలపకు వాళ్ళు ఒక గుర్తు కట్టు కట్టుకునేవారు, నేతగాడి ఇంట్లో ఒకరిది ఒకరిదానితో కలిసిపోకుండా. మా అమ్మది నీలం కట్టు. ఆరో తరగతిలో నేను వేసుకుని చింపేసిన నీలం పరికిణీ అంచు నుంచి లాగిన దారం, పక్కపక్కన రెండు ముళ్ళు.

అమ్మకు ఒకటే కోరిక ఉండేది. నేను పుట్టకముందు నుంచీ సన్న నూలు వడుకుతోంది, ఆ నూలుతో నేసిన బట్ట ఒక్కసారీ ఒంటి మీద వేసుకోలేదు. ముతక చీర కట్టుకుని సన్న నూలు వడికింది. ఈసారి తన నూలుతో తనకొక చీర నేయించుకోవాలని, కూలికి వడికేది పోగా మిగిలిన చిలపలు వేరే కుండలో దాస్తోంది. శనివారం దండలన్నీ ఆ కుండలో నుంచే వెళ్ళాయి. ఒకరు మెడలో వేసుకుని వెళ్ళిపోతారు, కుండ మళ్ళీ వెలితి అవుతుంది. నేను గొణిగితే అమ్మ, "ఇచ్చీయే. మాస్టరు అడిగినాక నేదంటావేటి? నీ సదువు ఆలకాడ ఉన్నాది" అనేది.

కార్తీకంలో ఒక శనివారం విజయనగరం నుంచి ఒకాయన వచ్చాడు. వకీలు వృత్తి వదిలేసి రాట్నం పట్టాడట. ఆ ఏడాది జెండా పండుగకు కూడా మా బడికి ఆయనే వచ్చాడు, అప్పుడు మాత్రం జెండా ఎగరేసి వెళ్ళిపోయాడు. ఈసారి ఉపన్యాసం. హెడ్మాస్టరు ఆ వారం నన్ను నూలు అడగలేదు. ఆయన రాట్నం సంగతి హెడ్మాస్టరుకు ఈమధ్యే తెలిసిందట, అంతటి రాట్నపు మనిషి మెడలో ఇంకొకరి నూలు వెయ్యడం అవమానమట. చామంతి దండ తెప్పించాడు. కుండకు ఒక వారం సెలవు దొరికిందని నేను సంతోషించాను.

మేం అయిదుగురు ఆడపిల్లలం గోడవారగా ఒక బెంచీ మీద, మగపిల్లలంతా నేల మీద. ఆయన తెల్లటి ఖద్దరులో, మంచి గంధం బొట్టుతో, మడత నలగకుండా నిలబడి మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు, అదే నా కోపం. వేల మంది చూస్తుండగా కోర్టు కోటు వదిలేశానన్నాడు. తెల్లవారుజామున లేచి స్నానం చేసి రాట్నం ముందు కూర్చుంటే తనకు దేవుడు కనిపిస్తాడన్నాడు. "మీ ఊళ్ళ ఆడవాళ్ళు కూలి కోసం వడుకుతారు. నేను ప్రేమతో వడుకుతాను. అందుకే నా నూలులో ఆ సన్నదనం వస్తుంది" అన్నాడు. అని, సంచిలో చెయ్యి పెట్టి ఒక చిలప తీసి పైకెత్తి చూపించాడు.

దానికి నీలం కట్టు ఉంది. పక్కపక్కన రెండు ముళ్ళు.

జెండా పండుగ నాడు ఆయన మెడలో పడ్డ దండ అది. నేనే తెచ్చాను, హెడ్మాస్టరే తన చేత్తో వేశాడు. ఆ కట్టు ఏమిటో ఆయనకు తెలియదు. అలంకారానికి కట్టారనుకున్నాడో ఏమో, విప్పి పారెయ్యలేదు. వడికే ఊళ్ళో ఏ ముసలమ్మను అడిగినా చెప్పేది. ఆయన ఎవరినీ అడిగినవాడు కాదు.

చివర్లో హెడ్మాస్టరు ఎప్పటిలాగే, "ఎవరైనా ప్రశ్నలు అడుగుతారా?" అన్నాడు. ఎవరూ అడగరని ఆయనకు తెలుసు. నేను లేచాను.

"సార్, మీరు పత్తి దేంతో దువ్వుతారు?"

"చక్కని ప్రశ్న" అన్నాడాయన. "శుభ్రమైన ఇనప దువ్వెన ఒకటి ప్రత్యేకంగా చేయించుకున్నాను తల్లీ."

నేల మీద కూర్చున్నవాళ్ళలో వడికే ఇళ్ళ పిల్లలు చాలా మంది ఉన్నారు. ముందు ఒకడు కిసుక్కుమన్నాడు, తర్వాత వరసంతా నవ్వింది. నేను ఆగలేదు.

"ఇనప దువ్వెనతో అంత సన్నం రాదు సార్. పత్తి తెగిపోతాది. వాలుగ చేప దవడుండాలి."

"ఛీ, ఛీ" అన్నాడాయన, చెయ్యి ఖద్దరుకు తుడుచుకుంటూ. "నేను చేప ముట్టేవాణ్ణి కాదమ్మా."

"మరి మీ సేతిలో ఉన్నది దాంతో దువ్విన పత్తే సార్. ఆ సిలప మా అమ్మది. నీలం కట్టు మాది."

నవ్వు ఆగిపోయింది. హెడ్మాస్టరు ముఖం నల్లబడింది. ఆయనకు తెలుసు. నాకు తెలిసినంత బాగానూ తెలుసు.

బంట్రోతు మా ఇంటికి పరిగెత్తాడు. అమ్మ వచ్చేసరికి నేను హెడ్మాస్టరు గదిలో గోడకు నిలబడి ఉన్నాను. మాస్టర్లందరూ అక్కడే ఉన్నారు. పెద్దమనిషి కుర్చీలో కూర్చుని ఉప్మా తింటున్నాడు. అమ్మ రాట్నం ముందు నుంచి లేచి అలాగే వచ్చినట్టుంది, జుట్టు నిండా పత్తి. గడప దగ్గరే ఆగి చేతులు కట్టుకుంది.

హెడ్మాస్టరు గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆయన గొంతు పెంచినప్పటికంటే అదే భయంగా ఉండేది. "చూడమ్మా. నీ కూతురు ఇంత పెద్దాయన్ను పట్టుకుని, పిల్లలందరి ముందూ దొంగ అన్నంత పని చేసింది. ఈ చిలప నీదో కాదో చూసి చెప్పు. నీది కాదంటే పిల్ల పొరపాటు పడిందనుకుంటాం, క్షమాపణ అడిగితే సరిపోతుంది. నీదే అంటావా, నీ కూతురి పేరు కొట్టేసి టీసీ ఇప్పుడే రాస్తాను. ఆలోచించుకుని చెప్పు."

చిలప అమ్మ చేతిలో పెట్టారు. నేను అమ్మ బొటనవేలినే చూస్తున్నాను. అది నూలు మీద నుంచి జారి తిన్నగా నీలం కట్టు మీదికి వెళ్ళి ఆగింది. చెప్పు, చెప్పు అని లోపల అరుస్తున్నాను. చదువు పోతే పోయింది, అందరి ముందూ ఒక్కసారి నాది అని చెప్పు.

"నాది కాదు బాబూ" అంది అమ్మ. "ఇంత సన్నం నాకు రాదు."

మాస్టర్లు ఊపిరి పీల్చుకున్నారు. "విన్నారా? ఆవిడ నోటితో ఆవిడే చెప్పింది. ఇంత సన్నం ఆవిడకు రాదట" అని హెడ్మాస్టరు అందరి వైపూ తిరిగి మరీ చెప్పాడు. నాచేత చేతులు జోడించి క్షమించమనిపించారు. జోడించాను. పెద్దమనిషి మనసు కరిగింది. ఉప్మా చెయ్యి కడుక్కుని వచ్చి, "పాపం, పేదవాళ్ళు. ఇది నువ్వే ఉంచుకో అమ్మా, నా కానుక. చూసి చూసి వడికితే నీకూ వస్తుంది" అని ఆ చిలప అమ్మకే ఇచ్చేశాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడం విన్నాను గానీ, అత్తకే దానం చెయ్యడం ఆ రోజే చూశాను. అమ్మ దాన్ని కళ్ళకద్దుకుని తీసుకుంది.

దారి పొడుగునా అమ్మను తిట్టాను. సిగ్గులేదా అన్నాను. అంతమందిలో నన్ను అబద్ధాలకోరును చేశావన్నాను. ఇంకా పెద్ద మాటలే అన్నాను, అవి ఇక్కడ రాయలేను. ఆమె అలా నడుస్తూనే చోడిచేను దాటింది. తర్వాత, "నీ సదువున్నాదా, పోయిందా?" అంది.

"ఉంది."

"సిలప ఇంటికొచ్చిందా?"

"వచ్చింది."

"మరి వొగ్గీ ఆ మాట. నడు."

ఇంటికి వెళ్ళి చిలపను కుండలో వేసి, మళ్ళీ రాట్నం ముందు కూర్చుంది. నేను ఆ రాత్రి అన్నం తినలేదు. వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ పెద్దమనిషి మీద ఎంత కోపం వచ్చిందో అంతకంటే ఎక్కువ కోపం అమ్మ మీద వచ్చింది. అబద్ధం ఆడినందుకు కాదు. అంత తేలిగ్గా ఆడినందుకు.

శుక్రవారం సాయంత్రం హెడ్మాస్టరు మామూలుగానే పిలిపించాడు. ఏమీ జరగనట్టే, కాగితాల్లో నుంచి తల ఎత్తకుండా, "రేపు కలెక్టరాఫీసు నుంచి వస్తున్నారు. చిలప తే. మంచి సన్నది" అన్నాడు. ఇంటికి వచ్చి, మౌనం మానుకోక తప్పక, అమ్మకు చెప్పాను. ఎలాగూ ఇవ్వక తప్పదు అనుకుని నేనే కుండ దగ్గరికి నడిచాను.

"ఆగే గుంటా" అంది అమ్మ. రాట్నం ఆపలేదు. "నేదని సెప్పు."

"నేదంటే ఊరుకుంటాడా? మళ్ళీ పేరు కొట్టెస్తానంటాడు."

"ఎలాగ కొడతాడే? అంత సన్నం నాకు రాదని ఆ పెద్దాయన ముందర, మాస్టర్లందరి ముందర సెప్పీసినాను గదా. ఆ మాస్టరే ఇంకోపాలి అందరికీ ఇనిపించినాడు. రాని నూలు నాను ఎక్కడ తెచ్చి ఇస్తాను?"

అమ్మ ఏకు అందుకుని, పోగు చూసుకుని, తన పని తాను చేసుకుంది. ఆ మాట గదిలోనే ఆలోచించి అందో, వారం రోజులు వడుకుతూ ఆలోచించిందో నేను అడగలేదు. అన్ని మాటలు తిట్టిన నోటితో అడగడానికి మొహం చెల్లలేదు.

మర్నాడు పొద్దున్న ప్రార్థన అవుతుండగా హెడ్మాస్టరు నా వైపు చెయ్యి చాపాడు. మాస్టర్లందరూ వరసలో ఉన్నారు. "చిలప ఏదీ?"

"కదా" అనాలి, "చెప్పింది" అనాలి అని ఆయన మాకు నేర్పిన తెలుగు ఏదీ నా నోటికి రాలేదు.

"మా యమ్మకి అంత సన్నం రాదు సార్. మొన్న మీ ముందరే సెప్పింది గదా."

తేలు కుట్టిన దొంగలా చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. డ్రిల్లు మాస్టరు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ శనివారం కలెక్టరాఫీసు నుంచి వచ్చినాయనకు బంతిపూల దండ వేశారు. ఆ తర్వాత ఎవరికీ మా ఇంటి నూలు వెళ్ళలేదు.

నా పరీక్షలు అయ్యాక పొందూరులో అమ్మ చీర నేయించుకుంది. కట్టుకున్న మొదటి రోజు నన్ను పిలిచి కొంగు చూపించింది. కొంగు చివర పోగుల్లో నీలం దారం ఒకటి కలిపి ముడి వేసి ఉంది. ఆ విజయనగరం పెద్దమనిషి కానుకగా ఇచ్చిన చిలపకు కట్టినదే. బాగుందా అని అడిగింది. బాగుంది అన్నాను. తిట్టినందుకు క్షమించమని మాత్రం అప్పుడూ అనలేదు, తర్వాతా అనలేదు. ఉప్మా తింటున్న పెద్దమనిషికి చేతులు జోడించిన దాన్ని, అమ్మకు జోడించలేకపోయాను.