కూతురింటి నీళ్ళు

మా నాయనంత మొండి మనిషిని నేను ఆసుపత్రిలో కూడా చూడలేదు. విరుదునగర్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో నేను నర్సుని. మొండివాళ్ళకు కొదవ లేని చోటు అది.

మా వైపు పాతకాలం వాళ్ళకు ఒక పట్టింపు ఉంది. కూతురికి బిడ్డ పుట్టేదాకా తండ్రి ఆమె ఇంట పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టడు. ఇప్పుడు ఎవరూ పట్టించుకోరు, మా నాయన తప్ప. నాకు పెళ్ళయి చాలా ఏళ్ళయింది, బిడ్డలు లేరు. ఆయన ఒట్టపిడారం దగ్గరి మా రేగడి ఊరి నుంచి బయలుదేరి, కోవిల్‌పట్టి బస్టాండులో సీసా నిండా నీళ్ళు పట్టుకుని వస్తాడు. అవి అయిపోతే మా వీధి చివరి టీకొట్టుకు పోతాడు. ఆ టీకొట్టాయన నన్ను చూసి నవ్వినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

మొన్నటి ఎండాకాలంలో కన్ను చూపించుకోవడానికి వచ్చాడు. ఆ వారంలోనే మా వీధిలో ఒక చావు పందిరి విప్పకముందే ఇంకొకటి వేశారు. ఎండలో తిరిగినవాళ్ళు కాదు, ఇంట్లో మంచం మీద ఉన్న పెద్దవాళ్ళే పోయారు. చావు కాగితంలో గుండె అనో వయసు అనో రాస్తారు, వేడి అని రాయరు. కానీ గాలి ఉడికిపోయే రోజుల్లో మా వార్డులో ముసలివాళ్ళ మంచాలు ఎలా నిండుతాయో, ఎలా ఖాళీ అవుతాయో ఏళ్ళుగా చూస్తున్నాను. ఊళ్ళో పొద్దు గూకితే నేల చల్లారుతుంది. పట్నంలో స్లాబు పగలు తాగిన ఎండనంతా రాత్రి మన మీదికి వదులుతుంది. వరసగా కొన్ని రాత్రులు ఒళ్ళు చల్లారకపోతే ముసలి గుండె తట్టుకోలేదు.

ఇదంతా నాయనకు చెప్పాను. తువ్వాలుతో విసురుకుంటూ నవ్వాడు.

"ఎండ మన ఊర్లో లేదా పాపా? పుట్టినప్పట్నించి దాంట్లోనే ఉండాను. సుమ్మా ఊరికే బయపెట్టొద్దు."

మాది పై అంతస్తు. మర్నాడు మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చేసరికి గోడకు ఆనుకుని కూలబడి ఉన్నాడు. కళ్ళు లోతుకు పోయాయి, పెదవులు ఎండిపోయాయి. సీసా ఖాళీ. టీకొట్టుకు దిగుదామని లేస్తే తల తిరిగిందట. నా నీళ్ళ కుండ చేతికందే దూరంలోనే ఉంది. నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

నెత్తిన నీళ్ళు పోశాను. చొక్కా విప్పి తడి చీర కప్పి ఫ్యాను కింద కూర్చోబెట్టాను. అన్నిటికీ ఊరుకున్నాడు. గ్లాసు నోటి దగ్గర పెట్టేసరికి మాత్రం మొహం తిప్పుకున్నాడు.

"టీకడ నించి తెచ్చియ్యి పాపా, తాగుతా."

"నేను పోయి వచ్చేలోపల నువ్వు పోతే?" వీధంతా వినబడేలా అరిచాను. "మర్యాద కాపాడుకొని నువ్వు పోతావు. పందిలి నా ఇంటి ముందర గదా వేస్తారు నాయనా! పుట్టింటి పక్క నాకు ఉండేది నువ్వొక్కడివే గదా!"

ఆయన నా వైపు తిరిగాడు. తర్వాత గ్లాసు తీసుకుని గుటగుటా తాగి, మళ్ళీ నా ముందుకు చాపాడు.

"బిడ్డ పుడితే తాగొచ్చు అని గదా పెద్దోళ్ళు చెప్పింది," అన్నాడు మెల్లగా. "నాకు నువ్వు పుట్టిండావు గదా. ఇంకా కొంచం పొయ్యి."